కొంగు పోగు కట్టిన కాగితాలు

నాకు సంతకం వరకే వచ్చు. అది కూడా మా ఆయన పోయాక, పింఛను కాగితాల కోసం నేర్చుకున్నది. అందుకే ఇది నేను నోటితో చెప్పింది, చెయ్యి వేరేవాళ్ళది. యాభై దాటిన నేను మంచిర్యాల దాటి ఎన్నడూ పోలేదు. ఈ వానాకాలం చివర్లో పోయాను. పోయిన గూడెం పేరు చెప్పను. మనుషుల పేర్లు కూడా మార్చాను. అట్లా అయితేనే చెప్పుకొమ్మని వాళ్ళు అన్నారు.

కరీంనగర్ బస్టాండు

కరీంనగర్‌లో ఆడపిల్లల హాస్టల్లో వంట చేస్తాను. పై అంతస్తులో సుజాత మేడం ఉంటుంది. డాక్టరు. ముప్పై కూడా నిండలేదు. ఆదివాసుల్లో వచ్చే ఒక రక్తం జబ్బు మీద పరిశోధన చేస్తుంది. ఒక ఆదివారం వంటింట్లోకి వచ్చి, బియ్యం డబ్బా మీద కూర్చుంది.

"రాజవ్వా, నాతోని నాలుగు రోజులు ఆదిలాబాద్ అడవిలకు వస్తవా?"

"వంట చెయ్యనీకా?"

"కాదు. పెద్దామె లెక్క."

నాకు నవ్వొచ్చింది. తర్వాత సంగతి చెప్పింది. ఆరేళ్ళ కింద ఎవరో ఒక జట్టు ఒక గోండు గూడేనికి పోయి, ముప్పై ఒక్కమంది వేలికి సూది గుచ్చి, రక్తం తీసుకొని పోయింది. మళ్ళీ ఆ దిక్కు చూడలేదు. మొన్న ఎండాకాలం మేడం పోయి, అదే జబ్బు మీద మళ్ళీ పరీక్షలు చేస్తానని అడిగింది. వాళ్ళు వెళ్ళగొట్టలేదు. మంచినీళ్ళిచ్చారు, అన్నం పెట్టారు, రెండు మాటలు చెప్పారు. ఒకటి, ముందు తీసుకుపోయింది తెచ్చి మా ముందు పెట్టు, ఆ తర్వాత కొత్తది అడుగు. రెండోది, అడగడానికి పిల్ల ఒక్కతే రావద్దు. పెళ్ళికి పిల్లనడగడానికి పోయినా పెద్దలు లేకుండా పోతామా? ఇది అంతకంటే పెద్ద అడుగుడు.

మేడం వాళ్ళ అమ్మకు మోకాళ్ళు లేవవు. అందుకని నేను.

పాత రక్తం ఎక్కడుందో వెతికి తేవడానికి మేడంకు నాలుగు నెలలు పట్టింది. రక్తమంటే సీసాల్లో కాదు. పెళ్ళి కార్డు లాంటి మందపాటి కాగితం మీద ఐదేసి చుక్కలు ఎండబెట్టి ఉంచుతారట. కాగితానికొక కవరు, కవర్లన్నీ ఒక గుడ్డ సంచిలో. కవర్లకు సీలు అట్లానే ఉంది. "వాళ్ళ ముంగటనే ఇప్పుతనని మాటిచ్చిన" అంది. ఆ సంచి నా ఒళ్ళో పెట్టింది.

బస్సులో కండక్టరు నా ఆధార్ కార్డు చూసి జీరో టికెట్ కొట్టి, సంచి చూశాడు.

"అవ్వా, మీద పెట్టు సంచి."

"పెట్ట."

"ఏముందే అండ్ల, బంగారమా?"

"నాది కాదు బిడ్డా, మందిది."

"మందిదైతే ఇంకింత గట్టిగ పట్టుకో" అని నవ్వుకుంటూ ముందుకు పోయాడు.

మందమర్రిలో చాయ్

మందమర్రిలో బస్సు ఆగింది. చాయ్ పదిహేను రూపాయలు. మా దగ్గర పది. నోరు తెరిచి అడిగితే చాయ్ పోసే ఆమె, "పాలు చూడు, నీళ్ళు చూడు, అప్పుడు పైసలు చూడు అక్కా" అంది. నిజమే, చాయ్ చిక్కగా ఉంది. సాసరు అంచుకు మాత్రం సన్నటి నల్ల దుమ్ము, అక్కడి బొగ్గుబావులది. వేలితో తుడిచి చూసుకున్నాను. మా ఇంట్లో నూలు నుసి తెల్లగా ఉండేది, అంతే తేడా.

మా ఆయన మరమగ్గం కార్మికుడు. మరమగ్గాన్ని మా దిక్కు సాంచ అంటాం. ఆయన సాంచ నడిపితే నేను కండెలు చుట్టేదాన్ని. ఇరవై ఆరేళ్ళు ఆ నుసే పీల్చాడు. ఒకసారి మా వాడకట్టుకు కొందరు వచ్చి, మగవాళ్ళందరితో గొట్టంలో గాలి ఊదించి, కాగితం మీద వేలిముద్ర వేయించుకొని పోయారు. మా ఆయన ఆ రాత్రి సంబరంగా, "గట్టిగనే ఊదిన" అన్నాడు. కాగితంలో ఏముందో ఆయనకు తెలియదు, నాకూ తెలియదు. అడగవచ్చని కూడా తెలియదు. తర్వాత రెండేళ్ళకు ఊపిరి అందక పోయాడు.

చాయ్ తాగుతూ నేను ఈ ముచ్చట మేడంకు చెప్పలేదు. సంచి మాత్రం కొంగులోకి ఇంకొంచెం జరుపుకున్నాను.

కెరమెరి ఘాట్

ఆసిఫాబాద్ దాటాక రోడ్డు కొండెక్కడం మొదలుపెట్టింది. నాకు కడుపులో తిప్పడం మొదలైంది. మేడం చేతుల్లో సంచి పెట్టి, కిటికీలోంచి తల బయట పెట్టి, పొద్దున తిన్నదంతా ఘాట్‌కు అప్పజెప్పాను. మొహం తుడుచుకొని తలెత్తితే ముందర ఉన్నది చూసి ఆ తిప్పుడు మరిచిపోయాను.

మబ్బు కింద ఉంది, మేము పైన ఉన్నాము. ఎటు చూసినా టేకుచెట్లు, తెల్లగా పూతబట్టి. ఎవరో పొద్దున్నే లేచి ఒక్కో చెట్టుకు పేలాలు చల్లినట్టు. సాంచల చప్పుడులో బతికిన చెవులు నావి. ఇంజను ఆపితే ఇక్కడ ఎంత నిశ్శబ్దం ఉంటుందో అనిపించింది. అరవై మంది ఉన్న బస్సులో నేనొక్కదాన్నే రెండు చేతులు జోడించాను. పక్కసీటు ఆమె, "ఏ దేవునికి అక్కా?" అని అడిగింది. టేకుచెట్ల దిక్కు చూపించాను.

జైనూరులో గోండు ఆడవాళ్ళు సీతాఫలాలు బుట్టలకు బుట్టలు పెట్టుకొని కూర్చున్నారు. బుట్ట నూరు రూపాయలు. కరీంనగర్‌లో ఆ పైసలకు ఏడెనిమిది పళ్ళు కూడా రావు. ఒక బుట్ట కొన్నాను. ఆటో దిగి వాగు దాటేటప్పుడు చెప్పు తెగి, పళ్ళు సగం నీళ్ళపాలయ్యాయి. సంచి మాత్రం తల మీదనే ఉంది.

గూడెంలో మొదటి పొద్దు

ఇరవై ఇళ్ళు ఉంటాయి. మట్టి గోడలు, వెదురు దడులు. వాకిళ్ళు ఎంత నున్నగా అలికారంటే తెగిన చెప్పుతో తొక్కబుద్ధి కాక, అది కూడా చేతిలో పట్టుకున్నాను. గూడెం పెద్దను పట్లా అంటారు. ముసలాయన, తెల్ల తలపాగా. "రామ్ రామ్" అని మేడంకు చెప్పి, నా దిక్కు తిరిగి మళ్ళీ ఇంకొకసారి వంగి "రామ్ రామ్ బాయి" అన్నాడు.

చాప వేసి నన్ను ముందర కూర్చోమన్నారు. నేను వెనక్కి జరిగాను. మా దిక్కు మంచి పనికి నాలాంటిదాన్ని ముందర పెట్టరు. తాంబూలం ఇచ్చేటప్పుడు నేనే వంటింట్లోకి పోతాను, ఎవరూ పొమ్మనక ముందే.

"జరుగుతవేంది?" అంది ఒకామె. సన్నటి మనిషి, నా ఈడుదే. పేరు సోంబాయి.

"మొగడు పోయినదాన్ని బాయీ."

"నా మొగడు గూడ పోయిండు. అయితే ఏంది? మనం మాట్లాడుడు బంద్ జెయ్యాల్నా? ముంగటికి రా."

అందరూ నవ్వారు. నేను ముందుకు జరిగాను. మా ఆయన పోయిన తొమ్మిదేళ్ళలో అట్లా నలుగురి ముందర కూర్చోవడం అదే మొదలు. కాళ్ళు ఎట్లా పెట్టుకోవాలో కూడా తెలియలేదు.

మేడం సంచి విప్పబోతే పట్లా చెయ్యి అడ్డం పెట్టాడు. "ఇయ్యాల వద్దు. మీరు అలిసి వచ్చిండ్రు. అలిసినోళ్ళను చూస్తే మనసు కరుగుతది, అడిగింది ఇయ్యబుద్ధైతది. గట్ల ఇచ్చేది కాదు గిది. తిని పండుకోండ్రి."

జొన్నరొట్టె, కందిపప్పు, ఎర్ర మిరపకాయల పచ్చడి పెట్టారు. ఇప్పపువ్వు లడ్డు పెట్టారు. ఇప్పపువ్వు అంటే సారానే అనుకునేదాన్ని. నువ్వులు, బెల్లం కలిపి దంచితే ఇంత కమ్మగా ఉంటుందని ఎవరు చెప్పారు నాకు? వంటమనిషిని కదా, ఎట్లా చేస్తారో సోంబాయిని అడిగాను. ఆమె చెబుతూ చెబుతూ సంచి దిక్కు చూసింది.

"అండ్ల నా బిడ్డది ఉన్నది" అంది.

ఆమె బిడ్డ కమలాబాయి. ఆ జట్టు వచ్చినప్పుడు రక్తం ఇచ్చిన ముప్పై ఒక్కరిలో ఒకతి. ఆ తర్వాత మూడేళ్ళకు, కాన్పు అయిన పదకొండో రోజు చనిపోయింది. ఆ కాన్పులో పుట్టిన ఆడపిల్లకు ఇప్పుడు మూడేళ్ళు, సోంబాయి చంకలోనే ఉంది. చనిపోయినవాళ్ళను పెద్దల్లో కలిపే కార్యం ఒకటి ఉంటుంది వాళ్ళకు. కమల రక్తం ఎక్కడో పరాయి చోట ఉండగా ఆ కార్యం చేయడానికి ఈ తల్లికి మనసొప్పలేదు. మూడేళ్ళుగా ఆపింది.

"సగం బిడ్డను ఎట్ల సాగదోల్తం అక్కా?"

రెండో రోజు: విప్పిన కవర్లు

పొద్దున్నే గూడెమంతా వచ్చింది. మేడం అందరి ముందర సీళ్ళు విప్పి, ఒక్కో కాగితం తీసి పెద్ద చాటలో పెట్టింది. ముప్పై ఒక్క కాగితాలు. ఒక్కోదాని మీద ఐదు చుక్కలు, ఎండిన కాచు రంగులో. ఇంత చిన్న చుక్కలో మనిషి అంతా ఉంటాడా?

సోంబాయి వంగి చూసింది. "నా బిడ్డది ఏది?"

మేడం తల వంచుకుంది. కాగితాల మీద నంబర్లే ఉన్నాయి. ఎవరి జబ్బు ఎవరికీ తెలియకూడదని, ఆ జట్టువాళ్ళు పేర్లున్న జాబితా చెరిపేశారట. మంచికే చేశారట.

"పేరు దాచిండ్రు సరే. ఎవలకు తెల్వకుంట? మాకా?" అన్నాడు పట్లా.

ఒక ముసలాయన, అన్నీ కలిపి మట్టిలో పెడదామన్నాడు. అమ్మో అని ఆడవాళ్ళు లేచారు. ఇచ్చినవాళ్ళలో చాలామంది ఇక్కడే బతికి ఉన్నారు. బతికినవాళ్ళ రక్తం చనిపోయినవాళ్ళ కార్యంలో కలిస్తే ఇంకేమన్నా ఉందా?

అప్పుడు నేను చూశాను. ప్రతి కాగితం మూలకు ఒక రంధ్రం, రంధ్రంలో దారం. ఆరబెట్టడానికి కట్టిన తాడు అనుకొని మేడం పట్టించుకోలేదు. కానీ నేను పోగుల మధ్య బతికినదాన్ని. ఆరబెట్టే తాడు అయితే అన్నింటికీ ఒకటే ఉండాలి. ఇవి ఒక్కోటి ఒక్కో తీరు. పచ్చ, నీలం, తెల్ల నూలు.

"గీ పోగులు ఎవలు కట్టిండ్రు?"

సోంబాయి చాట మీదికి వంగింది. "పోగులు ఉన్నయా ఇంకా? పారేసిండ్రనుకున్నం! నా బిడ్డనే కట్టింది. నంబర్లు మనకు తెల్వయి, రేపు తెచ్చిస్తే ఎవలది ఎవలదో ఎట్ల ఎరుకైతదని, అందరి కొంగుల నుంచి, ధోవతుల నుంచి ఒక్కో పోగు గుంజి కట్టింది."

ఇక చూడాలి ఆ సందడి. చాట చుట్టూ మూగి ఎవరిది వాళ్ళు ఏరుకున్నారు, లేనివాళ్ళవి వాళ్ళ ఇంటివాళ్ళు. "గిది నా పచ్చ చీర! జాతరకు కొన్నది!" "నీదా, నీది ఎన్నడో ఎలిసిపోయింది, గిది నాది." ఒకాయన తన ధోవతి పోగు చూసి మురిసిపోతుంటే, "ఉతకని ధోవతి, దూరంకెల్లి ఎరుకైతది" అని పెళ్ళాం అంది. నేను నోరు తెరుచుకొని చూస్తూ కూర్చున్నాను. కమల చదివింది ఏడో తరగతేనట, చదువుకున్నవాళ్ళకు తట్టనిది తట్టింది దానికి.

చివరికి చాటలో రెండు మిగిలాయి. రెండింటికీ ఎర్ర పోగులే. ఒకటి కమలది. ఇంకొకటి అప్పుడే పెళ్ళయి దూరపు ఊరికి పోయిన పిల్లది. ఆ పిల్ల అక్కడ బతికే ఉంది. ఏది ఎవరిదో సోంబాయి చెప్పలేకపోయింది.

అక్కడ నేనొక తప్పు చేశాను. పోగు చేతికొస్తే నేతవాళ్ళం చేసేది ఒకటే, కొస కాల్చి చూస్తాం. నూలైతే బూడిద అవుతుంది, పాలిస్టర్ అయితే ముద్దగా కరుగుతుంది. అలవాటు కొద్దీ, "అగ్గిపుల్ల ఉన్నదా?" అన్నాను.

అంతే, అందరూ నన్ను చూశారు. సోంబాయి చాట గుండెకు హత్తుకుంది. నేనేమన్నానో అప్పుడు తెలిసింది నాకు. "తప్పయింది తల్లీ" అని చెంపలు వేసుకున్నాను. ఆ తర్వాత, "కమల బట్ట ఏదన్న ఉన్నదా?" అని అడిగాను.

బట్టలు అప్పుడే మనిషితోనే పోయాయి. ఒక్కటే మిగిలింది, చంటిదాని బొంత. కమల కడుపుతో ఉన్నప్పుడు తన చీర చింపి కుట్టింది. తెచ్చి చూపించారు. ఎండకు, ఉతుకులకు ఎరుపు మొత్తం పోయి, గులాబీ రంగుకు తిరిగింది. ఆ రంగు రెండు పోగుల్లో దేనికీ కలవలేదు.

"కుట్టు ఇప్పాలె. మడత లోపల ఎండ తగల్లే. అసలు రంగు అక్కడుంటది."

సోంబాయి బొంతను ఒళ్ళో పెట్టుకొని కుట్ల మీద చెయ్యి రాసింది. "గీ కుట్లు నా బిడ్డ చేతివి."

తర్వాత తనే వంగి, పళ్ళతో ఒక కుట్టు కొరికి, మూడు వేళ్ళంత విప్పింది.

మడత లోపల చీర నిన్న కొన్నట్టుంది. పండిన మిరపకాయ రంగు. ఒక పోగు లాగి రెండు కాగితాల పక్కన పెట్టాను. ఒక దాని దారం కుంకుమ రంగు, నల్లగా కొడుతుంది. రెండోది మిరపపండు. దారానికున్న మెలికను పురి అంటాం, అది విప్పి చూశాను. పురి కూడా అదే దిక్కు, అంతే సన్నం.

"గిదే" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

సోంబాయి ఆ కాగితాన్ని రెండు చేతులతో తీసుకుంది. ఏడవలేదు. మేడంను అడిగింది, "నంబరున్నది గదా. నా బిడ్డ రక్తం ఏం చెప్పింది మీకు?"

మేడం దగ్గర నంబర్ల వారీగా ఫలితాలున్నాయి. చూసింది. మొహం పాలిపోయింది. చెప్పకు బిడ్డా అని నా మనసు కొట్టుకుంది. చెబితే ఇక్కడి నుంచి ఉత్త చేతులతో పోతాం, నాలుగు నెలల తిరుగుడు పోతుంది.

"గిందరి ముంగట చెప్పాల్నా, లోపలికి పోదామా?" అని మేడం అడిగింది.

"గిక్కడనే చెప్పు. గిక్కడనే తీస్కపోయిండ్రు."

మేడం చెప్పింది. కమలకు ఆ జబ్బు ఉంది. రక్తంలో గుండ్రంగా ఉండాల్సిన కణాలు కొడవలిలాగా వంగి నరాల్లో ఇరుక్కునే జబ్బు. ఆరేళ్ళ కిందనే ఆ సంగతి కాగితంలో ఉంది.

"అప్పుడే ఎరుకనా?"

"ఎరుకనే. వచ్చి చెప్పాల్సింది. చెప్పలే."

"చెప్తే బతికేదా?"

"బతికేదని నేను చెప్పలేనమ్మా. అబద్ధమైతది. కాన్పుకు పెద్ద దవాఖానకు తీస్కపోయేటోళ్ళు, రక్తం ఎక్కించేటోళ్ళు. జాగ్రత్త పడనీకి ఉండె."

సోంబాయి లేచి, బొంత, కాగితం పట్టుకొని ఇంట్లోకి పోయింది. తలుపు వేసుకుంది. గూడెమంతా లేచి ఎవరిళ్ళకు వాళ్ళు పోయారు. మేడం వాకిట్లోనే కూర్చొని ఏడ్చింది. నేను ఆమె తల నిమిరాను. పెద్దామెగా నన్ను తెచ్చుకున్నది అందుకేనేమో.

మూడో రోజు

పొద్దున జరిగిన కార్యం సంగతి నేను చెప్పను, మమ్మల్ని రమ్మనలేదు కూడా. మధ్యాహ్నం పట్లా పిలిపించాడు. సోంబాయి కూడా వచ్చి కూర్చుంది, మనవరాలితో.

"ఇప్పుడు అడుగు" అన్నాడు మేడంతో. "మా దగ్గరికెల్లి ఏం తీస్కపోతరో, ఎక్కడ పెడతరో, ఎన్ని రోజులకు చెప్తరో ఒక్కొక్కటి చెప్పు. మా భాషల తిరిగి చెప్పిస్తం. ఎవలకు ఇష్టముంటే వాళ్ళు ఇస్తరు. లేనోళ్ళు ఎందుకు లేదో చెప్పరు, నువ్వు అడగొద్దు."

మేడం చెప్పింది. పొద్దు వాలేదాకా అడిగారు. మిగిలిన రక్తం ఏం చేస్తావు? వేరేవాళ్ళకు ఇస్తావా? నువ్వు ఉద్యోగం మారితే ఎవరు వస్తారు? నువ్వే చచ్చిపోతే? మేడం కొన్నింటికి జవాబు చెప్పింది, కొన్నింటికి "నాకు తెల్వది, కనుక్కొని చెప్తా" అంది. నేను విన్నకొద్దీ మా వాడకట్టు గుర్తొచ్చింది. ఇట్లా అడగాలని ఎవరు నేర్పారు వీళ్ళకు? మాకెందుకు తట్టలేదు?

కొందరు ఇస్తామన్నారు. కొందరు లేచి దండం పెట్టి వెళ్ళిపోయారు. మేడం వాళ్ళకూ అంతే వంగి దండం పెట్టింది. ఇచ్చినవాళ్ళు ఎవరికి వాళ్ళు బట్టలోంచి పోగు లాగి ఇచ్చారు.

అందరి తర్వాత సోంబాయి మనవరాలి వేలు ముందుకు పట్టింది. పిల్ల ఏడ్చింది. ఐదు చుక్కలు పడ్డాయి. సోంబాయి బొంతలో విప్పిన చోటు నుంచి మిరపపండు రంగు పోగు ఒకటి లాగి, కాగితానికి కట్టింది. కట్టి, నా దిక్కు తిరిగింది.

"అక్కా, నీ కొంగు ఇయ్యి."

"నేను రక్తమియ్యలే కదా!"

"నువ్వు పెద్దామెవై వచ్చినవ్. గీ పిల్ల మేడం చదువుకున్నది, ఎటన్న పోతది. నువ్వు యాడికి పోతవ్? కాగితం రాకుంటే నిన్నడుగుత."

నా బూడిదరంగు చీర కొంగులోంచి పోగు లాగింది. మంచి నేత, తొందరగా రాలేదు. బారెడు పొడవు వచ్చింది. ఎర్ర పోగు పక్కన దాన్ని కట్టింది.

మళ్ళీ వంటింట్లో

వచ్చిన నెలన్నరకు, నేను పప్పు కడుగుతుంటే మేడం కవర్లు పట్టుకొని వచ్చింది. ఫలితాలు వచ్చాయి. మేడంకు ఆ వారం కాలేజీలో పని ఉందట. జైనూరు దగ్గరి నర్సుకు ఫోన్ చేసి చెప్పిస్తే అవుతుందేమో అంది, నా మొహం చూడకుండా.

"నేను లేనా బిడ్డా?" అన్నాను. "ఫోన్ల చెప్పుమని పోగు ఇయ్యలే నేను."

మేడం నా దిక్కు చూసి, సెలవు పెట్టడానికి పోయింది. నేను చేతులు తుడుచుకొని ఆ బూడిదరంగు చీరే తీశాను. కొంగు అంచున పోగు లేని చోట సన్నటి గీత పడింది. వెలుతురుకు పెడితే అవతలి గోడ కనిపిస్తుంది.

సోంబాయి మనవరాలి కాగితంలో ఏముందని మీరు అడుగుతారు. కమల సంగతి చెప్పడానికి సోంబాయి ఒప్పుకుంది కాబట్టి చెప్పాను. పిల్లది చెప్పను. రేపు పొద్దున ఆరింటి బస్సుకు పోయి, ఆమెకే చెబుతాము.